ముందొచ్చిన పడవ ఎందుకు ఓడిపోద్ది? యాట్ రేటింగ్ రూల్ ఏటా మారడం వెనకున్న కథ

సంక్రాంతికి ఆత్రేయపురం కాలవలో డ్రాగన్ పడవల పందెం చూసినోళ్ళకి ఈ గోలే ఉండదు, పడవలన్నీ ఒకే రకం, ముందొచ్చినోడు గెలిచినట్టు, అంతే. ఆస్ట్రేలియాలో డిసెంబర్ 26న సిడ్నీలో బయల్దేరి హోబర్ట్ దాకా సాగే యాట్‌ల (తెరచాపల రేసు పడవల) పందెం గురించి చూసి మా బావ ఫోన్ చేశాడు, "ముందొచ్చినోడు ఒకడు, పెద్ద కప్పు పట్టుకెళ్ళినోడు ఇంకొకడు, ఇదేం పందెం రా?" అని.

అది హ్యాండిక్యాప్ బావా అన్నాను, అంటే పడవ జోరుని బట్టి రేటింగ్ అని ఒక నంబర్ ఇచ్చి, పట్టిన టైముని దాంతో గుణిస్తారు, తక్కువ వచ్చినోడే గెలిచినట్టు. కాకినాడ నుంచి రెండు యాట్లు బయల్దేరాయనుకో, పెద్దదాని రేటింగ్ 1.100, అది 300 నిమిషాల్లో వచ్చేసింది, గుణిస్తే 330. చిన్నదాని రేటింగ్ 0.950, అది 340 నిమిషాలకి ఈదుకుంటూ వచ్చింది, గుణిస్తే 323. చిన్నదే గెలిచింది. ఎడ్ల పందాల్లో పళ్ళు చూసి విభాగం కడతారే, అలాంటి ఆలోచనే, కాకపోతే ఇక్కడ ఒక్కో పడవకీ ఒక్కో నంబర్.

ఆ నంబర్ ఎవడు వెయ్యాలి, ఏం కొలిచి వెయ్యాలి అన్నదే 150 ఏళ్ళు దాటిన తగువు. 1855లో ఇంగ్లండ్‌లో థేమ్స్ కొలత అని ఒకటి తెచ్చారు, అందులో పడవ లోతు అసలు కొలవరు, వెడల్పులో సగం అని అనేసుకుంటారు, పైగా వెడల్పు లెక్కలో రెండుసార్లు పడుద్ది, అంటే పడవ వెడల్పయ్యేకొద్దీ నంబర్ పెరిగిపోద్ది. ఇంకేముంది, డిజైనర్లు పడవల్ని సన్నగా చేసి లోతుకి దింపేసి అడుగున సీసం పోశారు, నిలబెట్టిన చెక్క పలకల్లాగ తయారయ్యాయి. (మన తాళ్ళరేవు నావలోళ్ళు చూస్తే నవ్వుతారు, మన కాలవల్లో అంత లోతు నీళ్ళేవి?) 1886లో ఆ తరహా లెక్క వదిలేసి పొడవు, తెరచాప వైశాల్యం లెక్క పెట్టారు.

ఇదే నాటకం 1970ల్లో ఐఓఆర్ అనే సముద్ర రేసుల రేటింగ్ రూల్‌తో మళ్ళీ నడిచింది. కొలతలు ఎక్కడెక్కడ తీస్తారో అందరికీ తెలుసు కాబట్టి సరిగ్గా అక్కడే పడవ ఒంటికి బుడిపెలు పెట్టారు, వెనక భాగం నొక్కేశారు, కాగితం మీద నెమ్మది పడవ నీళ్ళలో జోరు పడవ. 1979లో ఇంగ్లండ్ నుంచి సాగిన ఫాస్ట్‌నెట్ యాట్ రేసు తుఫానులో చిక్కుకుని 15 మంది పోటీదారులు పోయాక ఆ తరహా పడవల నిలకడ మీద కూడా గట్టిగానే ప్రశ్నలొచ్చాయి.

అందుకే 1980ల్లో ఇంగ్లండ్ క్లబ్బోళ్ళు, ఫ్రాన్సోళ్ళు కలిసి వేరే దారి పట్టారు, ఫార్ములాని బయటపెట్టడం మానేశారు. 1999 నుంచి దాని పేరే ఐఆర్‌సీ. పొడవు, బరువు, లోతు, తెరచాపల కొలతలన్నీ ఓనర్లు ఇస్తారు, నంబర్ ఎలా వచ్చిందో మాత్రం వాళ్ళకి చెప్పరు. చాలా దేశాల్లో ఆ నంబర్ రాసిచ్చే సర్టిఫికెట్ డిసెంబర్ 31తో చచ్చిపోద్ది, జనవరి 1 నుంచి సవరించిన రూల్. ఈమధ్య ఫ్లయింగ్ హెడ్‌సెయిల్ అని పాత లెక్కల్లో ఇమడని తెరచాపలొస్తే వాటికి కొత్త నిర్వచనం రాయాల్సొచ్చింది. పడవ మార్చకపోయినా నంబర్ మారిందని ఓనర్లు తిట్టుకుంటారు, అందులో న్యాయం లేకపోలేదు, డబ్బులు పోసి చాప కుట్టించుకున్నోడికి కడుపు మండదా. పోటీగా ఓఆర్‌సీ అనే ఇంకో రేటింగ్ వాళ్ళు లెక్కంతా బయటపెట్టే నడుపుతున్నారు. నాకైతే తెరిచి పెట్టినదే నచ్చుద్ది గానీ, ఆ బుడిపెల కథ గుర్తొస్తే గట్టిగా వాదించలేను.

బావ ఇదంతా విని, "అసలు కొలవడం దేనికి, పోయినేడు ఫలితాలు చూసి నంబర్ వేసెయ్యొచ్చుగా" అన్నాడు. అదీ ఉంది, ఇంగ్లండ్‌లో డింగీలనే చిన్న తెరచాప పడవలకి పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అంటే అదే, క్లబ్బులు పంపిన ఫలితాల్ని బట్టి ఏటా నంబర్లు సరిచేస్తారు. "అయితే ఈ ఏడు కావాలని ఓడిపోయి వచ్చేడు కొడతా" అన్నాడు బావ. కుదరదు బావా, ఆ నంబర్ నీ పడవది కాదు, ఆ మోడల్ పడవలన్నిటికీ కలిపి వేసేది, నువ్వొక్కడివి ఓడిపోతే అది కదిలేదెంత!