లాగ్ క్యాబిన్‌కి మెయింటెనెన్స్ అక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

లాగ్ క్యాబిన్ అంటే చెట్టు దుంగలు పేర్చి కట్టిన ఇల్లు. అమెరికాలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు వెళ్లొచ్చిన మనవాళ్లందరూ నాకు పంపేది ఒకటే ఫోటో, అక్కడి పాత దుంగల హోటల్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ లాబీలో తల పైకెత్తి తీసింది. కింద మెసేజ్ కూడా ఒకటే, "అన్నా 1904 నుంచి అలాగే ఉంది చూడు, చెక్కకి ఏం చెయ్యక్కర్లేదు." నేను ఇక్కడ అమెరికాలో పాత లాగ్ బిల్డింగులు రిపేరు చేసి బతుకుతున్నా, ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. అలాగే ఏం లేదు బాబూ, 1959 భూకంపానికి దాని చిమ్నీ దెబ్బతింది, అప్పట్నుంచీ ఎన్ని రిపేర్లో.

అపోహ: నేచురల్‌గా కట్టారు, నేచురల్‌గా వదిలేస్తే చాలు.

వాస్తవం: వదిలేస్తే మట్టిలో కలుస్తుంది. దుంగని తినేది తడి. అలాంటి పార్కుల్లోని పాత బిల్డింగులకి కింద పెద్ద పెద్ద బండరాళ్ల బేస్‌మెంట్ ఉంటుంది చూశారా, నేల్లోంచి మొలిచినట్టు కనపడాలని పెట్టారు నిజమే, కానీ దుంగకి మట్టి తగలకుండా కాపాడేదీ అదే. చూరు అంత బయటికి లాగింది వాన గోడకి కొట్టకుండా. కాపీ కొట్టేవాళ్లు లుక్ ఒక్కటే పట్టుకుని దుంగని నేరుగా మట్టిలో దించేస్తారు, పైన మెరుపు కోసం మందంగా వార్నిష్ కొట్టిస్తారు, ఆ పొర ఎక్కడో చిట్లి నీళ్లు లోపలికి పోతాయి, పోయిన తడి ఇక బయటికి రాదు.

పోయినేడు ఒక తెలుగు జంట కొండల్లో పాత క్యాబిన్ కొన్నారు, వీకెండ్ అద్దెలకిద్దామని. అద్దంలా మెరుస్తోంది. మూల దగ్గర పొడుచుకొచ్చిన దుంగ కొస తడితే డొల్ల చప్పుడు, స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది, తీస్తే మొనకి కాఫీ పిప్పిలాంటి తడి పొట్టు. "మొన్నే కదండీ కోటింగ్ వేయించాం" అంటూ ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయారు. గోడ కింద మూడు వరసల దుంగలు మార్చాల్సొచ్చింది.

పగుళ్లు చూసి నిద్రపట్టని వాళ్లూ ఉన్నారు పాపం. కంగారు పడకండి, ఆరేకొద్దీ దుంగ పగులుతుంది, అది దాని గుణం. పగులు నోరు పైకి తెరుచుకుని నీళ్లు నిలుస్తుంటేనే పూడ్చండి, కిందికి తిరిగిన దాని జోలికి పోకండి.

అపోహ: పార్కుల్లో కనపడేదంతా అసలు చెక్క, అసలు పాతది.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో అవానీ హోటల్ 1927ది, బయట రెడ్‌వుడ్ అని మీరు తట్టి చూసేది నిప్పు భయంతో పోసిన కాంక్రీటు, చెక్క గీతలు పడేలా పోసి రంగేశారు. గ్రాండ్ కాన్యన్‌లో ఆర్కిటెక్ట్ మేరీ కోల్టర్ కట్టించిన వాచ్‌టవర్ 1932ది, రాళ్ల వెనకాల స్టీలు. ఆవిడే అక్కడి హెర్మిట్స్ రెస్ట్ అనే రాతి విశ్రాంతి భవనంలో కొత్త ఫైర్‌ప్లేస్‌కి మసి పూయించింది, పాతదిగా కనపడాలని. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌లో అయితే మొదటి నుంచే కరెంటు దీపాలు.

అపోహ: ఈ పార్కులున్న చోట అసలు మనుషులే లేరు, ఉత్త అడవి.

లేకపోవడమేంటి! అవానీ హోటల్ పేరే యోసెమిటీ లోయలో ఉండే అవానీచీ ఆదివాసులది. 1851లో రాష్ట్ర వాలంటీర్ దళంతో వాళ్లని తరిమారు, లోయలో వాళ్ల చివరి ఊరు 1969లో కూల్చేశారు. బిల్డింగులు కూడా చెట్లలో కలిసిపోయేలా గీశారు, అందుకే చూసేవాళ్లకి ఖాళీ అడవిలా అనిపిస్తుంది.

క్యాబిన్ కొనే ముందు నాకు ఫోటోలు పంపేవాళ్లు దయచేసి ఫైర్‌ప్లేస్‌వి వద్దు, నాలుగు మూలలవీ కింది దుంగవీ పంపండి, వాన పడిన మర్నాడు తీసినవైతే ఇంకా మంచిది.