కాస్టింగ్‌లో పగుళ్లు: అపోహలు - వాస్తవాలు

కాస్టింగ్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోసి తీసిన వస్తువు) పగిలిందంటే చాలు, ఫౌండ్రీలో, అంటే పోత కార్ఖానాలో, చాలామంది లోహాన్నే అనుమానిస్తారు. నేను మాత్రం ముందు పగులు ముఖం చూడమంటాను.

అపోహ: పగుళ్లన్నీ ఒకటే.

వాస్తవం: వంకరటింకరగా, గరుకుగా ఉండి లోపల రంగు మారితే అది లోహం ఇంకా గడ్డకడుతుండగానే తెరుచుకున్న హాట్ టియర్ (వేడి చీలిక). తిన్నగా, శుభ్రంగా మెరుస్తుంటే చల్లబడ్డాక వచ్చిన పగులు. హీట్ ట్రీట్‌మెంట్‌కు (గుణం మార్చడానికి మళ్లీ వేడిచేయడానికి) వెళ్తే ఇది కూడా నల్లబడుతుంది, అందుకే ముందే చూడాలి.

అపోహ: లోహం కుదించుకోవడం వల్లే పగులుతుంది. మోల్డ్ (లోహం పోసే ఇసుక అచ్చు), కోర్ (లోపలి ఖాళీ కోసం అచ్చులో పెట్టే ఇసుక దిమ్మ) ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: కుదింపు ఎలాగూ ఆగదు. ఉక్కు మీటరుకు దాదాపు 20 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ తగ్గుదలకు అడ్డు తగిలితేనే చిక్కు. గడ్డకట్టడం పూర్తయ్యే ముందు గింజల (లోహపు స్ఫటికాల) మధ్య పల్చటి ద్రవపు పొర మిగులుతుంది, అప్పుడు లోహానికి బలమే ఉండదు. రెండు చివర్లా ఫ్లాంజ్‌లున్న (బయటికి వెడల్పైన అంచులున్న) పైపు తీసుకోండి. పైపు పొట్టిదవుతూ ఫ్లాంజ్‌లను లోపలికి లాగుతుంది, మధ్యలోని ఇసుక కదలనివ్వదు. చివరకు ఫ్లాంజ్ మొదట్లో, అన్నిటికన్నా ఆలస్యంగా గడ్డకట్టే చోట, చీలుతుంది. కోర్‌లో బైండర్ (ఇసుకను అంటించి ఉంచే పదార్థం) ఎక్కువైనా ఇదే గతి. అక్కడ కావలసింది పోసిన లోహం తన రూపంలో నిలిచేదాకా బలం, ఆ తర్వాత విరిగిపోయే గుణం.

అపోహ: ఫిల్లెట్ (మూలను గుండ్రంగా తీర్చే వంపు) ఎంత పెద్దదైతే అంత భద్రం.

వాస్తవం: పదును మూల చెడ్డదే. కానీ మరీ పెద్ద ఫిల్లెట్ దగ్గర లోహం పోగుపడి, ఆ చోటే చివరగా గడ్డకడుతుంది. అక్కడ త్వరగా చల్లబడేందుకు చిల్ (వేడిని లాగేసే లోహపు ముక్క) పెట్టాల్సి రావచ్చు.

అపోహ: కెమిస్ట్రీ సరిగ్గా ఉంటే పగులు రాదు.

వాస్తవం: కెమిస్ట్రీ ముఖ్యమే. ఉక్కులో గంధకానికి తగ్గ మాంగనీస్ లేకపోతే 988 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడేదాకా ద్రవంగానే ఉండే ఐరన్ సల్ఫైడ్ పొర గింజల మధ్య మిగిలిపోతుంది. అయినా కదలనివ్వని కోర్‌ను ఏ కెమిస్ట్రీ కాపాడలేదు.

అపోహ: గడ్డకట్టిందిగా, ఇక నాకౌట్ చేసేయవచ్చు (అచ్చు పగలగొట్టి బయటికి తీసేయవచ్చు).

వాస్తవం: ఈ తొందరే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. వేడిగా ఉండగానే బయటికి తీస్తే పల్చటి భాగం ముందే చల్లబడి బిగుసుకుంటుంది. మందమైన భాగం తర్వాత కుదించుకోబోతే అది వదలదు, దాంతో మందమైన చోట లాగుడు ఒత్తిడి మిగిలిపోతుంది. అలాంటి కాస్టింగ్ పైకి బాగానే కనిపించి, మెషినింగ్‌లో పై పొర తీసేటప్పుడు టప్పున పగలవచ్చు. అప్పుడు మాట పడేది మెషిన్ ఆపరేటర్.