మధ్యాహ్నం మీటరు చూసి మురిసిపోయే పార్టీలు

అల్లూరు వైపు రొయ్యల చెరువులు చేసే ఒక పాఠకుడు ఫోన్ చేసి అడిగాడు: "సార్, మా పార్టీ ఓడిపోయింది. ఎందుకు ఓడిందో టీ బంకు కాడ మా వాళ్లే పూసగుచ్చినట్టు చెప్తారు. అదే సమీక్షా సమావేశంలో మైకు చేతికిస్తే ఒక్కడూ నోరెత్తడు. ఇదేంది సార్, దీనికేమన్నా సైన్సుందా?"

ఆయనది ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. నెల్లూరు జిల్లాలో ఏ పార్టీ కార్యకర్తయినా ఈ ప్రశ్న అడగగలడు. గెలిచిన ఏడాది అడగడు, అంతే. మనిషికి తనవాళ్ల మీద పక్షపాతం ఉంటుంది, గుంపులో అది ముదురుతుంది అన్న మొదటి పాఠం అందరికీ తెలుసు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. ఫలానా చోట తప్పు జరిగిందన్న సమాచారం పార్టీలోనే ఉంది, టీ బంకు దాకా వచ్చింది కూడా. మైకు దాకా మాత్రం రాలేదు. అంటే ఇది తెలివి సమస్య కాదు, కొలత సమస్య. ఎప్పుడు కొలవాలి, ఎక్కడ కొలవాలి అన్నది ఆ పాఠకుడికి నాకన్నా బాగా తెలుసు. రోజూ తెల్లవారుజామున గట్టు మీద డీవో మీటరు పట్టుకుని నిలబడే మనిషి ఆయన.

డీవో అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. ముప్పై డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలవు. ఉప్పదనం పెరిగే కొద్దీ అది తగ్గుతుంది. వనామీ రొయ్య ఇబ్బంది పడకుండా మేత తినాలంటే 4 పైన ఉండాలి. ఇప్పుడు పచ్చగా నిగనిగలాడే చెరువులో మధ్యాహ్నం మూడింటికి మీటరు ముంచండి. 9 చూపిస్తుంది, ఒక్కోసారి 10 కూడా. నీళ్లు పట్టి ఉంచగలిగిన దానికంటే ఎక్కువ! ఆ పచ్చరంగు సూక్ష్మమైన నాచుది. ఎండ ఉన్నంతసేపూ అది కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ తయారుచేసి నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. అది కూడా ఊపిరి పీలుస్తుందన్న సంగతి పగటిపూట ఎవరికీ గుర్తు రాదు, తయారీ అంత జోరుగా ఉంటుంది కాబట్టి.

పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది, పీల్చడం ఆగదు. నాచు పీలుస్తుంది, రొయ్యలు పీలుస్తాయి. అడుగున పేరుకున్న మిగులు మేతనూ మలినాన్నీ కుళ్లబెట్టే బ్యాక్టీరియా అయితే మరీ ఆబగా పీలుస్తుంది. డీవో గంటగంటకూ దిగుతూ తెల్లవారుజామున నాలుగు, అయిదింటికి అట్టడుగుకు చేరుతుంది. 3 కిందికి పడితే రొయ్యలకు గండం. పైకి తేలి గట్టు పక్కకు వచ్చేస్తాయి. అప్పుడు పరుగెత్తి ఏరేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) వేసినా సగం పంట మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ఇందులో మెలిక ఏమిటంటే, నాచు ఎంత చిక్కగా ఉంటే మధ్యాహ్నం అంకె అంత గొప్పగా ఉంటుంది, తెల్లవారుజాము అంకె అంత ఘోరంగా ఉంటుంది. రెండింటి సగటు తీస్తే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రొయ్య సగటును పీల్చదు కదా.

ఇంకా ఉంది. నాచు పగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల పీహెచ్, అంటే నీళ్ల క్షారగుణం చూపే అంకె, పెరుగుతుంది. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమోనియం అయాన్, దానితో పెద్ద ప్రమాదం లేదు. రెండోది విద్యుదావేశం లేని అమోనియా, అది మొప్పల్లోకి సులువుగా జొరబడే విషం. పీహెచ్ 8 నుంచి 9కి పోయేసరికి ఈ విష రూపం వాటా కొన్ని రెట్లవుతుంది. అంటే ఆక్సిజన్ అంకె చూసి మురిసిపోతున్న ఆ మధ్యాహ్నం వేళే విషం కూడా పెరుగుతోంది. పైగా మీటరును ఎక్కడ ముంచాం? పైపైన. రొయ్య ఉండేది అడుగున. చిక్కటి నాచు కిందికి వెలుతురు దిగదు. అందుకే నలుపు, తెలుపు రంగులేసిన సెక్కి పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి వదిలి, ఎంత లోతున కనపడకుండా పోతుందో చూస్తారు. 30, 40 సెంటీమీటర్ల దగ్గర మాయమైతే సరే. ఇంకా పైనే మాయమైతే చెరువు అతిగా పచ్చబడిందని లెక్క.

పార్టీలో విధేయత ఈ నాచే. అధికారం అనే ఎండ కాస్తున్నప్పుడు జెండాలూ జనసమీకరణా డబ్బూ ఉత్సాహమూ అన్నీ అదే తయారుచేస్తుంది. అప్పుడు మీటరు ఎవరు ముంచినా 10 చూపిస్తుంది. అలాగని నాచును చంపేయమని ఏ రైతూ అనడు. నీళ్లు మరీ తేటగా ఉంటే వెలుతురు అడుగుదాకా పోయి పాకుడు మొలుస్తుంది, రొయ్యపిల్లకు సహజమైన మేత దొరకదు. విధేయులు లేని పార్టీ కూడా పంటకు పనికిరాని తేటనీళ్ల చెరువే. నాచు ఉండాలి, కానీ దాని అసలు ఖర్చు చీకట్లో కొలిచి తెలుసుకోవాలి. సమీక్షా సమావేశాలు చాలావరకు మధ్యాహ్నమే పెడతారు. గడియారం ప్రకారం కాదు లెండి, రాజకీయంగా. నాయకుడు వేదిక మీద కూర్చుని, పదవుల పంపకం ముందుండగా, మీడియా బయట నిలబడి ఉండగా.

మన రైతు గట్టు మీద దిష్టి గుమ్మడికాయ కడతాడు, నిజమే. కానీ దాని పక్కనే ఏరేటరు కూడా పెట్టుకుంటాడు. ఓడిన పార్టీ ఆఫీసులో మాత్రం వాస్తు చూసి గుమ్మం మార్పించి, నామినేషన్ నాడు రాహుకాలం తగిలిందేమోనని పంచాంగం తిరగేసి, అంతటితో సరిపెట్టుకుంటారు.

విధేయత అనే ఈ నాచు తనలో ఎంత ఉందో మనిషికే తెలియదని చూపించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో ప్రచురించాడు. పేద కుటుంబాలకు సాయం చేసే రెండు పథకాలు రాసి విద్యార్థులకు ఇచ్చాడు. ఒకటి ఉదారం, నెలకు దాదాపు 800 డాలర్లు. రెండోది పిసినారి, 250 డాలర్లు. పార్టీ పేరు చెప్పకపోతే ఉదారవాదులు మొదటిదాన్ని, సంప్రదాయవాదులు రెండోదాన్ని మెచ్చుకున్నారు. అనుకున్నదే. "మీ పార్టీ దీన్ని సమర్థిస్తోంది" అన్న ముక్క చేర్చగానే పథకంలో ఏముందన్నది దాదాపు లెక్కలోకి రాకుండా పోయింది. తమ పార్టీ మెచ్చిందంటే ఉదారవాదులు పిసినారి పథకాన్ని మెచ్చారు, సంప్రదాయవాదులు ఉదార పథకాన్ని మెచ్చారు. ఎందుకు మెచ్చారని అడిగితే, పథకం వివరాలు చదివే నిర్ణయించుకున్నామన్నారు. పార్టీ ప్రభావం మీ మీద పడిందా అంటే మా మీద లేదు, అవతలివాళ్ల మీద ఉంటుంది అన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకున్నారు.

కానీ మన పాఠకుడి ప్రశ్నకు ఇది సగం జవాబే. టీ బంకు దగ్గర చెప్పేవాడికి తప్పు కనిపించింది కదా! చెరువు పోలిక ఇక్కడ తెగిపోతుంది. చెరువు మీటరుకు భయపడి అంకె మార్చదు, మనిషి మారుస్తాడు. కాలేజీ ల్యాబుల్లో పాఠం చెప్పినవాళ్లకు ఇది కొత్తకాదు. లోలకంతో భూమి గురుత్వ త్వరణం కొలవమంటే రికార్డు పుస్తకాలన్నింటిలో సెంటీమీటర్ల లెక్కన 980కి అటూ ఇటూ వచ్చేస్తుంది. దారం కొలిచినవాడికీ వస్తుంది, కొలవనివాడికీ వస్తుంది. తేడా వచ్చిన అంకె రాసిన విద్యార్థికి మార్కులు తగ్గిస్తాం కాబట్టి, నిజాయితీగా కొలిస్తే నష్టమని మనమే నేర్పాం.

1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు ఈ రెండో సగం గురించే. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనదేదో చెప్పమన్నాడు. చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. కానీ గదిలో మిగతా అందరూ ముందే కూడబలుక్కుని తప్పు గీత చూపిస్తుంటే, అసలు పరీక్షార్థులు చెప్పిన జవాబుల్లో మూడో వంతు దాకా ఆ తప్పు వైపే పోయాయి. జవాబు కాగితం మీద రాసిచ్చే వీలు కల్పిస్తే ఈ లొంగుబాటు బాగా తగ్గింది. ఇంకో మార్పు మరీ ఆసక్తికరం. గుంపులో ఒకే ఒక్కడు వేరే జవాబు చెప్పినా చాలు, లొంగుబాటు కుప్పకూలింది. ఆ ఒక్కడు చెప్పింది కూడా తప్పే అయినా సరే! గుంపు ఏకగ్రీవం కాదని తెలిస్తే చాలు, రెండోవాడు తన కళ్లను తాను నమ్ముకోగలిగాడు.

దీని ఖరీదు ఎంతో లెక్క కట్టే సూత్రం 1785 నాటిది. కొండోర్సే అనే ఫ్రెంచి గణితజ్ఞుడిది. ఒక్కో సభ్యుడు సరైన కారణం పట్టుకునే అవకాశం 60 శాతం అనుకుందాం. 11 మంది ఎవరి బుర్రతో వాళ్లు ఆలోచించి ఓటేస్తే, మెజారిటీ తీర్పు సరైనదయ్యే అవకాశం 75 శాతానికి పెరుగుతుంది. 101 మంది అయితే 98 శాతం దగ్గరికి పోతుంది. ఇక అధ్యక్షులవారు ముందుగా మైకు తీసుకుని "మనం ఓడింది డబ్బు పంపకం వల్ల" అన్నారనుకోండి. 101 మందీ తలూపితే తీర్పు నాణ్యత మళ్లీ 60 శాతమే. వంద కుర్చీలు, వంద భోజనాలు దండగ. స్వతంత్రంగా ఆలోచించడం అనే ఒక్క షరతు పోతే సంఖ్యకు విలువ లేదు. కొండోర్సే ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించినవాడే. 1793లో విప్లవకారులు రాసుకున్న రాజ్యాంగాన్ని విమర్శించినందుకు అరెస్టు ఉత్తర్వు వచ్చింది. దాక్కుని దాక్కుని చివరికి దొరికిపోయి, 1794లో జైలు గదిలో చనిపోయాడు.

మన జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడ్డారు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న వాకాడు. అధికార పార్టీకి ఊరూరా మనుషులున్నారు. అయినా సారా ఇళ్లను ఎలా తినేస్తోందో బయటికి చెప్పింది పార్టీ శాఖలు కాదు, రాత్రిపూట అక్షరాలు దిద్దుకునే ఆడవాళ్ల సాక్షరతా తరగతులు. ఆ తరగతిలో నిజం చెప్పినందుకు పోయే పదవి ఎవరికీ లేదు. 1994 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు మొత్తం 294లో 26 స్థానాలే మిగిలాయి. కారణాలు అనేకం, సారా ఒక్కటే కాదు. కానీ ఆ సంకేతం మాత్రం రెండేళ్ల ముందు నుంచే ఉంది.

విమర్శ ఎవరి నోటి నుంచి వస్తే చెవికెక్కుతుంది? ఆస్ట్రేలియాలో మాథ్యూ హార్న్‌సీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002 నుంచీ దీన్ని పట్టుకుని వరసగా పరిశోధించాడు. ఒకే మాటను బయటివాడు అంటే జనం మండిపడతారు, లోపలివాడు అంటే చాలావరకు వింటారు. అయితే లోపలివాడైనంత మాత్రాన సరిపోదు, వాడికి గుంపు మీద నిజమైన మమకారం ఉందని వినేవాళ్లకు నమ్మకం కలగాలి. "మీరు" అనకుండా "మనం" అంటే మెరుగు. అదే విమర్శను బయటివాళ్ల ఎదుట చేస్తే ఈ మినహాయింపు తగ్గిపోతుంది.

అల్లూరుకు దగ్గర్లోనే, విడవలూరు మండలం అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఈ లక్షణాలన్నీ ఉన్న మనిషి. సీపీఎం మొదటి ప్రధాన కార్యదర్శి. ఎమర్జెన్సీ కాలంలో జనసంఘ్‌తో కలిసి పనిచేయాలన్న నిర్ణయంతో సహా పార్టీ పోకడల మీద తన అభ్యంతరాలను ఒక సుదీర్ఘ లేఖలో వరసగా రాసి, 1976లో ఆ పదవి నుంచీ పొలిట్‌బ్యూరో నుంచీ తప్పుకున్నారు. పార్టీని వదల్లేదు. 1978లో అదే పార్టీ తరఫున గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. ఆ లేఖ బయటి పాఠకులకు అందింది చాలా ఏళ్ల తర్వాతే. అందులోని వాదనలతో ఏకీభవించాలని నేననను. ఎక్కడ, ఎవరికి, ఎవరి సంతకంతో రాశారన్నదే నా విషయానికి సంబంధించింది.

ఇక్కడ ఆష్‌కూ హార్న్‌సీకీ పొత్తు కుదరదు. నిజం బయటికి రావాలంటే పేరు లేని చీటీ మేలు. కానీ పేరు లేని చీటీ ఎవరిదో తెలియనప్పుడు, ఇది మమకారంతో రాసిందా, అవతలి పార్టీవాడు జొరబడి రాసిందా అన్న అనుమానంతో పక్కన పడేయడం తేలిక. సంతకం ఉంటే చెవికెక్కుతుంది, కానీ సంతకం పెట్టేవాడు తగ్గిపోతాడు. నా మటుకు నాకు రెండూ వేర్వేరు అంతస్తుల్లో వాడాలనిపిస్తుంది. బూత్ స్థాయిలో, పోగొట్టుకోవడానికి వార్డు మెంబరు టిక్కెట్టు తప్ప ఇంకేమీ లేనివాళ్ల దగ్గర, పేర్లు లేని చీటీలు తీసుకోవాలి. ఎన్ని చీటీల్లో ఒకే మాట వచ్చిందో లెక్క పెట్టి పైకి పంపాలి, అధ్యక్షులవారు మాట్లాడక ముందే. జిల్లా కమిటీలో మాత్రం సంతకం చేసిన కాగితమే ఇవ్వాలి. అక్కడున్నవాళ్లు ఆ మాత్రం రిస్కు తీసుకోగలరు. మా అల్లూరు పాఠకుడికి ఇది చెబితే, "చీటీలు లెక్కపెట్టేది ఎవరు సార్?" అని అడిగాడు. పక్క మండలం వాళ్లతో లెక్కపెట్టించమన్నాను.