కుందేలు వేట కుక్క: పట్టడం నేర్పాలా, జాడ నేర్పాలా?

కుందేలు వేటకు కుక్కను తయారుచేయడం గురించి ఇప్పుడు ప్రధానంగా రెండు చోట్ల వాదన నడుస్తోంది. బ్రిటన్‌లో అసలు కుక్కను కుందేలు మీదికి వదలొచ్చా అన్నదే ప్రశ్న. అమెరికాలో తగవు వేరు. జింక వెంటపడే కుక్కకు కరెంటు కాలర్ వేసి ఆ అలవాటు మాన్పించడం సబబేనా, పోటీల కోసం పెంచిన కుక్క వేటకు పనికొస్తుందా అని. తరచి చూస్తే రెండు గొడవలూ ఒకే పాత ప్రశ్న దగ్గరికి వెళ్తాయి. కుక్క కుందేలును పట్టాలా, దాని జాడ వదలకుండా ఉంటే చాలా?

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనోఫోన్ దీని మీద వివరంగా రాశాడు. అప్పట్లో కుందేలును (బొరియ తవ్వని పెద్ద కుందేలు, హేర్) పట్టేది వల. కుక్క పని వాసన పట్టి దాన్ని వల వైపు తోలడం. ఆడ కుక్కపిల్లలను ఎనిమిదో నెలలో, మగ కుక్కపిల్లలను పదో నెలలో వేటకు తీసుకెళ్లమంటాడు. అప్పుడు కూడా ఊరికే వదిలేయకుండా పొడవాటి తాడు కట్టి, జాడ తీస్తున్న పెద్ద కుక్కల వెనక నడిపించమంటాడు. పిలవడానికి వీలుగా పేర్లు చిన్నవిగా పెట్టమని కూడా చెప్పాడు. ఇవాళ బీగిల్ (ముక్కుతో జాడ తీసే చిన్న వేటకుక్క) పెంచేవాళ్లు పిల్లకుక్కను పెద్ద కుక్కకు జతచేసి తిప్పడం చూస్తే, ఆ పద్ధతి ఎంత గట్టిదో తెలుస్తుంది.

క్రీ.శ. 2వ శతాబ్దంలో ఇంకో గ్రీకు రచయిత ఆరియన్ రాసింది ఇంకో దారి. కెల్టు జాతులవాళ్ల కుక్కలు ముక్కుతో కాకుండా కంటితో వేటాడేవి. చూపుకు ఆనిన కుందేలును పరుగులో అందుకునేవి. ఆయన మాట ఒకటి నాకు చాలా ఇష్టం: నిజమైన వేటగాడు కుక్కను తీసుకెళ్లేది పరుగు చూడటానికే, కుందేలు తప్పించుకుంటే సంతోషిస్తాడు అని. గ్రేహౌండ్ పోటీలు ఈ దారిలోనే పెరిగాయి. వాటిలో పేరుమోసిన వాటర్లూ కప్ 1836లో మొదలైంది. ఒక కుందేలు మీదికి రెండు కుక్కలను వదిలేవారు. ఎవరి కుక్క దాన్ని ఎన్ని మలుపులు తిప్పిందన్నదాని మీద పాయింట్లు. చంపడం లక్ష్యం కాదన్నా, కుందేళ్లు చనిపోయేవి.

ముక్కుతో వేటాడే కుక్కకు అసలైన చోటు దొరికింది అమెరికాలో. దానికి కారణం కుందేలే. యూరప్‌లో హేర్ కాక మరో రకం, బొరియ కుందేలు (రాబిట్), నేల తవ్వి బొరియల్లో ఉంటుంది. కుక్క కనపడితే లోపల దూరుతుంది, ఇక జాడ తీసే కుక్కకు పనేముంది? అమెరికా కాటన్‌టెయిల్ అలా బొరియ తవ్వుకోదు. అది తిరిగే మేర చిన్నది, తరిమినా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. కాబట్టి కుక్క వెంటపడి పట్టనక్కర్లేదు. జాడ తప్పకుండా వెనకే మొరుగుతూ వస్తే చాలు, కుందేలు చుట్టు తిరిగి లేచిన చోటికే వస్తుంది. వేటగాడు అక్కడే నిలబడతాడు. జనరల్ రిచర్డ్ రోవెట్ 1870ల్లో ఇంగ్లండ్ నుంచి ఇలినాయికి తెప్పించిన బీగిల్స్ ఈ పనికి సరిగ్గా సరిపోయాయి.

ఈ శిక్షణలో పరీక్షంతా కుందేలు అడ్డంగా తిరిగిన చోటే. వాసన అక్కడ తెగిపోతుంది. పిల్లకుక్క ఊపులో నాలుగు అడుగులు ముందుకు దూకి, మొరుగు ఆపి, దిక్కులు చూస్తుంది. కొన్ని పిల్లలు వాసన లేకపోయినా ఊరికే మొరుగుతాయి, కొన్ని వచ్చిన దారినే వెనక్కి పోతాయి. మంచి కుక్క తప్పిపోయిన చోటికే తిరిగొచ్చి, ముక్కు నేలకు ఆనించి చిన్న చుట్టు తిరుగుతుంది. జాడ దొరికాకే గొంతు విప్పుతుంది. దీన్ని మనం నేర్పలేం. పొదలున్న ఆవరణలో కుందేళ్లను ఉంచి, తప్పు చేసి దిద్దుకునే అవకాశం పిల్లకు మళ్లీ మళ్లీ ఇవ్వాలి, అంతే.

1890లో మసాచుసెట్స్‌లోని హయానిస్‌లో నేషనల్ బీగిల్ క్లబ్ మొదటి ఫీల్డ్ ట్రయల్ (మైదానంలో వేటకుక్కల పోటీ) పెట్టింది. పోటీల్లో కుందేలును చంపరు, కుక్క పనితనాన్నే చూస్తారు. అయితే జంటగా వదిలే పోటీల్లో జడ్జీలు కచ్చితత్వానికే మార్కులు వేస్తూ పోయారు. పెంపకందారులు కూడా అలాంటి కుక్కలనే పుట్టించారు. చివరికి 20వ శతాబ్దం మధ్యకల్లా కొన్ని వంశాలు కుందేలు వెనక నడిచేంత నెమ్మదైపోయాయి. వేటగాళ్లు వాటికి ‘వాకీ టాకీ’ అని పేరు పెట్టారు. ఆ విసుగులోంచే చిన్న గుంపులతో వేరే పోటీలు పుట్టాయి. వాటిలో తుపాకీ పేల్చి కుక్క బెదురుతుందా అని కూడా చూస్తారు. నా లెక్కలో ఇదే సరైన దిద్దుబాటు.

జింక సంగతి అలా తేలలేదు. 1900 ప్రాంతంలో అమెరికాలో తెల్లతోక జింకలు చాలా తగ్గిపోయాయి. రక్షణ చట్టాల వల్ల తర్వాత కోట్లకు పెరిగాయి. కుందేలు వెంట పోతున్న కుక్కకు ఇప్పుడు అడుగడుగునా జింక వాసన తగులుతుంది. వెంటపడితే మైళ్లు పోయి రోడ్డు మీద పడుతుంది. 1960ల చివర్లో వచ్చిన ఎలక్ట్రానిక్ కాలర్ అందుకే ఇంత వ్యాపించింది. వేల్స్ 2010లో దాన్ని నిషేధించింది. కుక్క రోడ్డున పడుతుందన్న యజమాని టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ పిలిస్తే రావడమే ఇంకా నేర్వని పిల్లకు ముందు కాలరే తగిలించడం అన్యాయం.

చట్టం దెబ్బ మొదట కంటితో వేటాడే కుక్కల మీద పడింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 చట్టం 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, వాటర్లూ కప్ ఆ నెలతోనే ఆగిపోయింది. హేర్ అనే పెద్ద కుందేలును కుక్కలతో వేటాడటం నేరమైంది. బొరియ కుందేలును మాత్రం, భూమి యజమాని అనుమతి ఉంటే, మినహాయించారు. స్కాట్లండ్‌లో 2002 చట్టం కూడా బొరియ కుందేలును వదిలేసింది. దాంతో హేర్‌ల మీదికి కుక్కలను వదిలి పట్టుబడినవాళ్లకు ‘మేం బొరియ కుందేళ్ల కోసం వచ్చాం’ అని తప్పించుకునే దారి దొరికింది. స్కాట్లండ్ 2023 చట్టంలో ఆ దారి మూసి, బొరియ కుందేలును కూడా చేర్చారు. జంతువు వాసనతో మనుషులు వేసిన జాడ వెంట కుక్కలను నడిపించడం మీద కూడా ఆంక్షలు పెట్టారు. ఎవరికీ హాని చేయకుండా ముక్కుతో పని నేర్పుకునేవాళ్లకు కూడా ఆ భారం పడింది.