స్కోపు కన్నా ముందు తూటా

గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో కొత్తవాళ్లు మాట్లాడుకునేది ఎక్కువగా స్కోపుల (రైఫిల్ మీద బిగించే దుర్భిణుల) గురించే. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో అయితే స్కోపుకు అనుమతే లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది సన్నని రంధ్రంలోంచి గురి చూసే సైట్లతోనే. పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతిసారీ బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి తూటా ఎక్కించే రైఫిల్ మీద ఖర్చుపెట్టడానికి చేతిలో కొద్ది డబ్బే ఉంటే, నా ఓటు ముందు తూటాలకే.

ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం. ఈ రకం మ్యాచ్ తూటా సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 50 మీటర్లు చేరేలోపు గురుత్వాకర్షణ దాన్ని 11 సెంటీమీటర్లకు పైగా కిందికి లాగుతుంది. ప్రతి తూటా అంతే కిందికి పడితే సైట్లు సరిచేసుకుంటే సరిపోతుంది. కానీ తర్వాతి తూటా 320తోనే బయల్దేరితే? గాలి నిరోధాన్ని పక్కన పెట్టినా ఇంకో 7 మిల్లీమీటర్లు కింద తగులుతుంది. టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. చెయ్యి వణక్కపోయినా తూటా కేంద్రం ఆ వలయం దాటిపోతుంది. అంచు తాకినా పది ఇస్తారు కాబట్టి బతికిపోవచ్చు, అది వేరే సంగతి.

ఒకే కంపెనీ తూటాల్లోనూ లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మారితే తీరు మారుతుంది. ఏ బ్యారెల్‌కు (తుపాకీ గొట్టానికి) ఏ లాట్ నప్పుతుందో ముందే చెప్పే సూత్రమేదీ లేదు. రెండు మూడు లాట్లు కొద్దికొద్దిగా కొని, రైఫిల్‌ను గట్టి ఆధారం మీద పెట్టి కాల్చి చూడాలి. నచ్చిన లాట్‌ను లైసెన్స్ పరిమితి మేరకు కొనిపెట్టుకోవడం మంచిది. మూడు గుళ్లు పక్కపక్కన తగిలాయని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే అలవాటు ఉంది చూడండి, దాన్ని నమ్మకండి. అదే రైఫిల్‌తో పది కాలిస్తే గ్రూప్ (గుళ్లు తగిలిన చోట్ల వెడల్పు) సగటున ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది.

తర్వాత చూడాల్సింది కొయ్య స్టాక్, అంటే బ్యారెల్‌ను మోసే చెక్క భాగం. తూటా పేలగానే బ్యారెల్ కంపిస్తుంది. ప్రతిసారీ ఒకేలా కంపిస్తే ఇబ్బంది లేదు. కానీ వానాకాలం తేమకు కొయ్య ఉబ్బి బ్యారెల్‌ను ఒక పక్క నొక్కితే గుళ్లు తగిలే చోటు జరిగిపోతుంది. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని చూసుకున్నాక, బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ఒక నోటు దూర్చి వెనక్కి జరపండి. ఎక్కడైనా ఆగితే అక్కడ తగులుతోందన్నమాట. ఆ కొయ్యను కాస్త గీసి, రిసీవర్ (బ్యారెల్ బిగించి ఉండే, బోల్ట్ కదిలే లోహ భాగం) కింద ఎపాక్సీ అనే గట్టిపడే రెసిన్‌తో గట్టిగా కూర్చోబెట్టిస్తే తక్కువ ఖర్చులో బాగా తేడా వస్తుంది.

ట్రిగ్గర్‌ను మాత్రం లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కే వదిలేయాలి. విదేశీ వీడియోలు చూసి బ్యారెల్ కోయించాలనే ఆలోచనే వద్దు. అనుమతి లేకుండా బ్యారెల్ పొట్టి చేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం.

పాత రైఫిల్ కొంటున్నవాళ్లు పాలిష్ మెరుపు కన్నా బ్యారెల్ మూతి అంచును భూతద్దంతో చూడాలి. తూటా చివరగా వదిలేది దాన్నే. అక్కడ చిన్న నొక్కు ఉన్నా వాయువు ఒక పక్కనుంచి ముందే తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది. శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచి దూర్చడం వల్లే ఆ అంచు ఎక్కువగా అరుగుతుంది. బోల్ట్ యాక్షన్‌లో ఆ అవసరమే లేదు, బోల్ట్ తీసేస్తే వెనక నుంచే కడ్డీ పోనివ్వవచ్చు.