లోపలి మాట: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు పొగతోటలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లను కావలి, ఆత్మకూరు, గూడూరు నుంచి తీసుకొస్తుంటారు. "ఆయనకేం తెలీడంలా మేడం" అంటారు ఇంట్లోవాళ్లు, ఆయన పక్కన కూర్చుని వింటుండగానే. నాకు చాలా కష్టంగా ఉంటుంది.

అపోహ: నోట మాట పోతే లోపలి మాట (మనసులో అనుకునే మాట), ఆలోచన కూడా పోయినట్టే.

వాస్తవం: పైకి మాట్లాడినా, మనసులో అనుకున్నా మెదడులో పనిచేసే భాగాలు చాలావరకు ఒకటే. ఫ్రెంచ్ డాక్టరు పాల్ బ్రోకా 1861లో గుర్తించిన ఎడమ ముందుభాగం మాటను కూర్చడంలో సాయపడుతుంది. శబ్దాలను పోల్చుకునే భాగాలు చెవికి దగ్గర్లో ఉంటాయి. మనసులో అనుకునేటప్పుడు నాలుకకు, పెదవులకు వెళ్లాల్సిన ఆజ్ఞ చివర్లో ఆగిపోతుంది. అందుకే దెబ్బ ఎక్కడ తగిలిందన్నది ముఖ్యం. కొందరికి రెండూ దెబ్బతింటాయి, కొందరికి లోపలిది మిగులుతుంది.

అది తెలుసుకోవడానికి పలక, చిలక, కుర్చీ బొమ్మలు ముందు పెడతాను. పేర్లు నేను పలకను. "పేర్లు ఒకేలా వినిపించే రెండూ చూపించండి" అంటాను. "ఆ... ఆ" తప్ప ఇంకేమీ రాని మనిషి పలక మీద వేలు పెట్టి, కాసేపు ఆగి, చిలకను చూపిస్తాడు. ఆ పేర్లు లోపల పలక్కుండా అది కుదరదు. చూపించలేకపోయినా తెలివి పోయిందనుకోకండి. భాష బాగా దెబ్బతిన్నా లెక్కలు చేయగలిగినవాళ్లున్నారు.

అపోహ: ఆలోచించడమంటే పెదవులు, నాలుక చాటుగా కదలడమే.

కాదు. 1947లో అమెరికాలో స్కాట్ స్మిత్ అనే మత్తు డాక్టరు క్యురారే మందుతో తన కండరాలన్నీ కదలకుండా చేయించుకున్నారు. ఊపిరి కూడా బయటినుంచి అందించాల్సి వచ్చింది. అయినా ఆ సమయంలో జరిగినవి తర్వాత వివరంగా చెప్పారు.

అపోహ: పరాయి గొంతులు వినిపిస్తే గాలి సోకినట్టు.

లోపలి మాట మనదేనని మెదడు ముందుగానే గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు సరిగా పడకపోతే సొంత మాటే ఎవరో అన్నట్టు వినిపిస్తుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించండి. మందులున్నాయి.

ఇక చిన్నపిల్లలు ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకోవడం జబ్బు కానేకాదు. ఆ పైకి మాటే ఎదిగేకొద్దీ లోపలి మాట అవుతుందని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ వివరించారు. బొమ్మకు బువ్వ పెడుతూ "ఇప్పుడు మూత తీయాలి" అనుకునే పిల్లను "ఎవరితోనే ఆ మాటలు?" అని గదమకండి.