అండాశయానికి నేరుగా వెళ్లే నరాలు

నెలసరి గాడి తప్పిందని వెళితే డాక్టర్ రాసిచ్చే పరీక్షల్లో ప్రొలాక్టిన్ తరచుగా ఉంటుంది. బిడ్డకు పాలు పడటానికి తోడ్పడే హార్మోన్‌కూ, పెళ్లి కూడా కాని అమ్మాయి నెలసరికీ ఏమిటి సంబంధం? ఆ ముడి మెదడులో ఉంది. హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలు నిరంతరం డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తూ, పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్‌ను అతిగా వదలకుండా పట్టి ఉంచుతాయి. ఆ పట్టు సడలిందా, ప్రొలాక్టిన్ పెరిగి జీఎన్‌ఆర్‌హెచ్ అనే, హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి వెళ్లే హార్మోన్ అలలను అణచివేస్తుంది. దాంతో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే పిట్యూటరీ హార్మోన్లు తగ్గుతాయి, అండం విడుదల కాదు. వాంతులకు వాడే డోంపెరిడోన్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ డోపమైన్ గ్రాహకాలను అడ్డుకుంటాయి. ఈ మందులతో కొందరికి నెలసరి ఆగిపోవడానికి కారణం అదే. (అలాగని మానసిక వ్యాధి మందును సొంతంగా ఆపేయడం ప్రమాదం. డాక్టర్‌కు చెబితే మార్చే వీలుంటుంది.) ప్రొలాక్టిన్ పెరిగినవారికి ఇచ్చే కాబర్గోలిన్, డోపమైన్ చేయాల్సిన పనిని తాను చేస్తుంది.

ఇదంతా రక్తం ద్వారా నడిచే వ్యవహారం. మన పాఠాలు కూడా ఇక్కడితో ఆగిపోతాయి. కానీ అండాశయానికి నరాలు నేరుగా కూడా వెళతాయి. వీటిని బాగా పరిశీలించింది ఎలుకల్లో. ఒక నరాల కట్ట అండాశయ ధమనిని పట్టుకుని వస్తుంది. రెండోది అండాశయాన్ని వేలాడదీసే స్నాయువు గుండా వస్తుంది. ఈ నరాల కొసలు రక్తనాళాల చుట్టూ, పెరిగే పుటికల (అండం ఎదిగే చిన్న సంచుల) బయటి పొర అయిన థీకా చుట్టూ అల్లుకుని నార్‌అడ్రినలిన్ అనే సంకేత రసాయనాన్ని వదులుతాయి. థీకా కణాలు ఎల్‌హెచ్ ప్రభావంతో ఆండ్రోజెన్లు అనే పురుష హార్మోన్లు తయారు చేస్తాయి. పక్కనే నార్‌అడ్రినలిన్ కూడా ఉంటే అదే ఎల్‌హెచ్‌కు మరింత గట్టిగా స్పందిస్తాయి.

స్పందన శ్రుతి మించితే ఏమవుతుంది? చిలీకి చెందిన హెర్నాన్ లారా, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఎలుకలకు ఎస్ట్రడయాల్ వాలరేట్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌లో ఒక రకం) ఇంజెక్షన్ ఇస్తే కొన్ని వారాలకు అండాశయాల్లో నీటితిత్తులు ఏర్పడి, అండం విడుదల ఆగిపోతుంది. అక్కడి నరాల్లో చురుకుదనం పెరిగినట్టు తేలింది. స్నాయువు గుండా వచ్చే ఆ నరాన్ని కత్తిరించగానే హార్మోన్ల తయారీ సద్దుమణిగింది, ఎలుకల్లో మళ్లీ అండాలు విడుదలయ్యాయి. ఇలా సరిచేయడానికి హార్మోన్ మందు ఒక్కటీ ఇవ్వలేదు, తెగింది నరం మాత్రమే.

మనుషుల్లో ఆధారం ఇంత సూటిగా లేదు. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తులు, అండం విడుదల సరిగా కాకపోవడం కనిపించే సమస్య) ఉన్న స్త్రీల కండరాల నరాల్లో, ఒత్తిడి వేళ శరీరాన్ని సిద్ధం చేసే సహానుభూత నాడీ వ్యవస్థ చురుకుదనం ఎక్కువగా ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు నేరుగా కొలిచి చూపారు. అయితే పీసీఓఎస్‌లో ఇన్సులిన్, ఆండ్రోజెన్లు, వంశపారంపర్యం అన్నీ పెనవేసుకుని ఉంటాయి. కాబట్టి నెలసరి రాని అమ్మాయితో ‘టెన్షన్ తగ్గించుకో, అదే వస్తుంది’ అని తేల్చేయడం అన్యాయం. ఆమె మనసు మీద నింద వేసి, చేయించాల్సిన పరీక్షలను వాయిదా వేయడమే అది.

నరాలు లేకుండా అండాశయం అసలు పనిచేయదా అంటే, చేస్తుంది. క్యాన్సర్ చికిత్సకు ముందు తీసి గడ్డకట్టించి దాచిన అండాశయ కణజాలాన్ని తిరిగి అమర్చిన తర్వాత, 2004లో బెల్జియంలో ఒక మహిళ బిడ్డను కన్నది. ఆ ముక్కను తీసినప్పుడే దాని నరాలన్నీ తెగిపోయాయి. పైగా నార్‌అడ్రినలిన్ కోసం అండాశయం పూర్తిగా బయటి నరాల మీదే ఆధారపడదు. కోతుల్లో అండకణమే డోపమైన్‌ను లోపలికి తీసుకుని నార్‌అడ్రినలిన్‌గా మారుస్తుందని 1998లో తెలిసింది. అందుకు కావలసిన ఎంజైము ఆ కణంలోనే ఉంది.